పక్కింటావిడకు లేని ఓటు నేను వేశాను

మొన్న శుక్రవారం, 2020 జనవరి 31 రాత్రి పదకొండింటికి, బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటకు వచ్చేసింది. మేం ఉండేది స్లౌలో, హీత్రో విమానాశ్రయానికి దగ్గర. ఇక్కడికొచ్చి ఎనిమిదిన్నరేళ్ళయింది. యూనియన్‌లో ఉండిపోవాలా, బయటికి రావాలా అని 2016 జూన్‌లో జనాన్నే అడిగిన రిఫరెండంలో నాకూ ఓటుంది. వేశాను, దాని మీద ఇంట్లోనూ బయటా మూడున్నరేళ్ళు వాదించాను, ఒక చోట మాత్రం నోరు మూసుకున్నాను. ఊరి నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ "అసలక్కడ ఏం జరుగుతోందే" అని అడగడం, నేను ముక్కలు ముక్కలుగా చెప్పడం, వాళ్ళకి అర్థం కాకపోవడం. అందుకని ఒకసారి వరసగా రాసేస్తున్నాను. యూనియన్ ఎప్పుడు పుట్టింది, ఎందుకు పుట్టింది లాంటివి ఇందులో ఉండవు.

ముందు, చెప్తే చాలామంది నమ్మని సంగతి. భారత పాస్‌పోర్టుతో ఇక్కడ ఉంటున్నవాళ్ళకి ఆ రిఫరెండంలో ఓటుంది. మనది కామన్వెల్త్ దేశం కాబట్టి, వీసా మీద ఉన్నా సరే, పద్దెనిమిది నిండి ఇక్కడ కాపురం ఉంటే చాలు. మా పక్కింటావిడది పోలండ్. 2005లో వచ్చింది, అంటే నాకంటే ఆరేళ్ళు ముందు. ఆమెకు లేదు. యూరప్ వాళ్ళలో ఐర్లండ్, మాల్టా, సైప్రస్ వాళ్ళకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు. మా పేర్లయితే ఓటర్ల జాబితాలో ఎప్పుడో ఎక్కాయి. అదేదో బాధ్యత అనుకుని కాదు, జాబితాలో పేరుంటే క్రెడిట్ స్కోరు బాగుంటుందని ఎవరో చెప్తే 2012లో ఎక్కించుకున్నాం.

పక్కింటావిడ గురించి చెప్పాలి. 2015లో నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా పాపకి రెండేళ్ళు. అప్పుడే ఆవిడ ఇంట్లో పిల్లల్ని చూసుకునే రిజిస్ట్రేషన్ తీసుకుంది. పొద్దున ఎనిమిదింటికి వదిలి సాయంత్రం ఆరింటికి తెచ్చుకునేదాన్ని. మా పాప ఆవిణ్ణి "చోచా" అంటుంది, వాళ్ళ భాషలో అత్త, పిన్ని అన్నట్టు. మా పాపకి అన్నంలో నెయ్యి వేసి కలపడం కూడా నేర్చుకుంది పాపం, నెయ్యి కొంచెం ఎక్కువే వేసేది. ఇక్కడ ఆవిణ్ణి చోచా అనే రాస్తాను.

ఇక నా కడుపుమంట. మేం వచ్చింది 2011 జులైలో, మా ఆయన వర్క్ వీసా మీద. ఐదేళ్ళయితే 2016 జులైలో పర్మనెంట్‌కి పెట్టుకోవచ్చు. ఆ ఏప్రిల్ నుంచి కొత్త రూలొచ్చింది, ఏడాదికి 35,000 పౌండ్ల జీతం ఉంటేనే పర్మనెంట్ ఇస్తారట. మా ఆయన జీతం అప్పుడు 34 వేల చిల్లర. ఎనిమిది వందల పౌండ్ల కోసం ఐదేళ్ళ కాపురం గాల్లో వేలాడింది. ఏప్రిల్ చివర్లో కంపెనీ పెంచింది కాబట్టి బతికాం. ఫీజు ఒక్కొక్కరికి 1,875 పౌండ్లు, అదే రోజు తేల్చేయాలంటే ఇంకో ఐదొందలు, ఇద్దరికీ కలిపి 4,750. "లైఫ్ ఇన్ ది యూకే" పరీక్షకి యాభై చొప్పున వేరే. ట్యూడర్ రాజుల పేర్లన్నీ బట్టీ పట్టాను. చోచావాళ్ళు యూనియన్ దేశం వాళ్ళు కాబట్టి ఇవేవీ లేకుండా బస్సెక్కి వచ్చి దిగారు. మా తమ్ముడు ఇక్కడ ఎంఎస్ చేద్దామనుకుని, చదువయ్యాక ఇచ్చే రెండేళ్ళ వర్క్ వీసాని 2012లో తీసేశారు కాబట్టి, మెల్‌బోర్న్ వెళ్ళిపోయాడు. ఇవన్నీ లోపల ఉండగా టీవీలో ఎవరో వచ్చి "యూరప్ వాళ్ళకి తలుపులు బార్లా తీసి, కామన్వెల్త్ వాళ్ళని గుమ్మంలో నిలబెడుతున్నాం, బయటికొస్తే అందరికీ ఒకే రూలు" అంటుంటే, నిజం చెప్పొద్దూ, నా మనసులో మాట వాళ్ళ నోట్లోంచి వచ్చినట్టే అనిపించింది.

ఏప్రిల్‌లో ప్రభుత్వం ఇంటింటికీ పదహారు పేజీల పుస్తకం పంచింది, ఉండిపోవడమే మంచిదని. దానికి 93 లక్షల పౌండ్లు ఖర్చయిందని పెద్ద రభస. మా ఇంట్లో అది పాప బొమ్మలు గీసుకోవడానికి పనికొచ్చింది.

అసలు వాదన మే 28, శనివారం రాత్రి మొదలైంది. మేం ఐదు కుటుంబాలం నెలకోసారి కలుస్తాం, తలా ఒకటి వండుకొస్తారు. మా గ్రూపులో సగం ఆంధ్ర, సగం తెలంగాణ. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఒక రాత్రి ఎంత గొడవైందంటే రెండు నెలలు ఎవరిళ్ళకి ఎవరూ వెళ్ళలేదు, తర్వాత వాట్సాప్ గ్రూపులో రాజకీయాలు పెట్టకూడదని రూలు పెట్టుకున్నాం. ఆ రూలుకి ఆ శనివారం తద్దినం పెట్టేశాం.

మా ఆయన ఉండిపోవాలి అనేవాడు. ఆయన ప్రాజెక్టులన్నీ యూరప్ క్లయింట్లతోనే. కర్నూలు అక్క ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు, ఆవిడా అటే. టేక్‌అవే నడిపే గుంటూరు బాబాయ్ బయటికి రావాలి అన్నాడు. అప్పట్లో ఇండియా నుంచి ఒక వంటమనిషిని తెచ్చుకోవాలంటే ముప్పై వేల పౌండ్ల దాకా జీతం చూపించాలి, "అంత జీతమిస్తే కూర ఎంతకమ్మాలమ్మా" అనేది ఆయన బాధ. బయటికొస్తే మన వంటవాళ్ళకి వీసాలు సులువవుతాయని రాజకీయ నాయకులే చెప్పారు, మన గుజరాతీ మూలాలున్న ప్రీతి పటేల్ గారితో సహా. ఆయన దాన్ని రాసిచ్చిన పత్రంలా పట్టుకున్నాడు.

మా ఆయన అంకెలతో వచ్చాడు. వారానికి 35 కోట్ల పౌండ్లు యూనియన్ ఆఫీసులుండే బ్రస్సెల్స్‌కి పంపుతున్నామని ఎర్ర బస్సు మీద రాసుకుని తిరుగుతున్నారు కదా, అది తప్పుడు లెక్క, మనకిచ్చే తగ్గింపు ముందే మినహాయించుకుంటారు, ఆ తర్వాత రైతులకీ యూనివర్సిటీలకీ తిరిగొచ్చేది వేరే అని. డాక్టరక్క "ఆ డబ్బు ఆసుపత్రులకిస్తారని మీరు నమ్ముతున్నారా? మా వార్డులో సగం నర్సులు స్పెయిన్, పోర్చుగల్ పిల్లలు, వాళ్ళు పోతే మీరొచ్చి సెలైన్ పెడతారా?" అంది. అప్పటిదాకా మెదలకుండా మటన్ నములుతున్న వరంగల్ అన్న నెమ్మదిగా, "విడిపోవాలె అని ఒక్కసారి మనసుల పడ్డోనికి లెక్కలు చెప్తే ఎక్కయి తమ్మీ, మాకు ఎరికే" అన్నాడు. అందరూ నవ్వారు, నేను తప్ప. మాది తెనాలి. 2014 ఫిబ్రవరిలో లోక్‌సభ తలుపులు మూసి, ప్రసారం ఆపి బిల్లు పాస్ చేసిన రోజు మా నాన్న అన్నం తినలేదు. "అప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు, ఇక్కడ కనీసం అడుగుతున్నారు" అన్నాను. చిత్రం ఏంటంటే ఆ రాత్రి వరంగల్ అన్నా నేనూ ఒకే వైపు ఉన్నాం.

జూన్ 7 అర్ధరాత్రి నమోదుకి ఆఖరు. వరంగల్ వదిన ఆ రాత్రి పదిన్నరకి కూర్చుంది, వెబ్‌సైటు కూలిపోయింది. దేశమంతా ఆఖరి నిమిషంలోనే కూర్చుందన్నమాట, మనమొక్కళ్ళమే కాదు. గడువు 9 అర్ధరాత్రి దాకా పెంచారు. ఇక్కడ పనిచేసేవాళ్ళకిచ్చే నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గర ఉంటే ఐదు నిమిషాల పని.

జూన్ 16న, ఉండిపోవాలని ప్రచారం చేస్తున్న ఎంపీ జో కాక్స్‌ని యార్క్‌షైర్‌లో నడిరోడ్డు మీద చంపేశారు. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. రెండు పక్షాలూ ప్రచారం ఆపేశాయి, మా గ్రూపులో ఆ రోజు గుడ్ మార్నింగ్ బొమ్మ కూడా ఎవరూ పెట్టలేదు. నేను ఆ రాత్రి మనసు మార్చుకోబోయాను. మర్నాడు మా ఆయన "ఇప్పటికైనా అర్థమైందా మీవాళ్ళు ఎలాంటివాళ్ళో" అన్నాడు. ఆ "మీవాళ్ళు" అన్న మాట దగ్గర మళ్ళీ మొండికేశాను. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు, జరిగింది రాస్తున్నాను.

జూన్ 23, గురువారం. రాత్రంతా కుండపోత, లండన్ చుట్టుపక్కల వీధుల్లో నీళ్ళు. పాపని చోచా దగ్గర వదిలి ఎనిమిదింబావుకి పోలింగు కేంద్రానికి వెళ్ళాను, చిన్న చర్చి హాలు. నేను పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, పోస్టులో వచ్చిన కార్డు, అన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళాను. ఏదీ అడగలేదు! పేరు, ఇంటి నంబరు చెప్తే స్కేలు పెట్టి గీత గీసుకుని కాయితం ఇచ్చారు. వేలికి సిరా లేదు. దారంతో కట్టిన పెన్సిల్ ఒకటి. మన దగ్గర గుర్తింపు కార్డు లేకపోతే గేటు దాకా రానివ్వరు, ఇక్కడ దేశం తలరాత పెన్సిల్‌తో రాయమంటున్నారు. నా ముందున్న ముసలాయన పెన్సిల్‌తో వేస్తే చెరిపేస్తారని సొంత పెన్ను తెచ్చుకున్నాడు. కాయితం మీద రెండే గళ్ళు. నాకు నిమిషం పట్టింది, రెండోదాంట్లో వేశాను. బయటికి రావాలి అన్నదాంట్లో.

మా ఆయన రైళ్ళు ఆలస్యమై తొమ్మిదిన్నరకి స్టేషన్లో దిగి, తడుస్తూ పరిగెత్తి, పదింటికి మూసేలోపు వేసి వచ్చాడు. ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ "నా ఓటూ నీ ఓటూ చెల్లుకి చెల్లు, ఇద్దరం ఇంట్లో కూర్చున్నా ఒకటే" అన్నాడు. నిద్రపోయాం. ఉండిపోవడమే గెలుస్తుందని అందరూ అన్నారు, నేనూ అదే అనుకున్నాను. ఒక విధంగా ఆ ధైర్యంతోనే వేశానేమో.

తెల్లవారుజామున ఐదింటికి ఫోను. నాన్న. అక్కడ తొమ్మిదిన్నర. "అమ్మా, పౌండు పడిపోయిందే, సెన్సెక్సు వెయ్యి పాయింట్లు పడింది, మీరు క్షేమమేనా?" అన్నారు, ఏదో భూకంపం వచ్చినట్టు. టీవీ పెడితే బీబీసీ యాంకర్ డింబుల్‌బీ అప్పటికే చెప్పేశాడు. 51.9 శాతం బయటికి, 48.1 శాతం ఉండిపోవడానికి. మా స్లౌ 54.3 శాతం బయటికే వేసింది. సగానికి పైగా మనలాంటి రంగువాళ్ళున్న ఊరు, పక్కనే అప్పటి రాణిగారి కోట ఉన్న విండ్సర్ ఉండిపోదామంది. టీవీలో దీని గురించి ఎవరూ మాట్లాడలేదు, బయటికి వేసినవాళ్ళందరూ ఉత్తరాది తెల్ల ముసలాళ్ళే అన్నట్టు చెప్పారు.

ఎనిమిదింటికి పాపని తీసుకుని పక్కింటికి వెళ్ళాను. చోచా తలుపు తీసింది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పాపని ఎత్తుకుని "నీకు ఓటుంది కదా నిన్న?" అంది. ఉందన్నాను. "థాంక్యూ" అంది. వెళ్ళి వేసినందుకు. దేనికి వేశావని అడగలేదు, అడగాల్సిన పనే లేదనుకుంది. నేను ఏదో గొణిగి రైలుకి టైమైందని వచ్చేశాను. ఆ రోజు నాకు వర్క్ ఫ్రమ్ హోమ్, రైలు లేదు. స్టేషన్ దాకా నడిచి, బెంచీ మీద అరగంట కూర్చుని, వెనక సందులోంచి ఇంటికొచ్చాను.

తర్వాత డబ్బు సంగతి. హైదరాబాద్‌లో ఫ్లాటు కొన్నాం, ఈఎంఐ నెలకి 38,000 రూపాయలు. రిఫరెండం రోజు పౌండు వంద రూపాయల దగ్గర ఉంది, అంటే 380 పౌండ్లు పంపితే సరిపోయేది. అక్టోబరుకి 82 అయింది, అదే ఈఎంఐకి 463 పంపాల్సి వచ్చింది. నా ఓటు ఖరీదు నెలకి 83 పౌండ్లు అని మా ఆయన ఫ్రిజ్ మీద కాయితం అంటించాడు. చాలా రోజులు తీయలేదు. ఆగస్టులో పర్మనెంట్ వచ్చింది, ఆ ఆనందం కూడా ఆ కాయితం కిందే పడింది.

2017, 2018 గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, ఎదురుచూపులు. మార్చి 29, 2017న బయటికి వెళ్తున్నామని యూనియన్‌కి ఉత్తరం ఇచ్చారు, అక్కడి నుంచి రెండేళ్ళ గడువు. నాన్న వారంవారం "వచ్చారా బయటికి?" "లేదు నాన్నా" "మరి గెలిచారుగా?" 2018 చివర్లో మా ఆయన ప్రాజెక్టు డబ్లిన్‌కి వెళ్ళిపోయింది. ఏడు వారాలు ప్రాజెక్టు లేకుండా 'బెంచీ' మీద ఉన్నాడు, తర్వాత ఇంకోటి దొరికింది. ఆ ఏడు వారాలు ఫ్రిజ్ మీద కాయితం అంటించలేదు. దానికంటే అదే భయమేసింది.

ఐర్లండ్ సరిహద్దు సంగతి అయితే నాన్నకి అర్థమయ్యేట్టు చెప్పలేక చచ్చాను. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లో ఉంది, కింద ఐర్లండ్ యూనియన్‌లో ఉంది, మధ్యలో ఐదొందల కిలోమీటర్ల గీత, దాని మీద చెక్‌పోస్టు పెడితే పాత గొడవలు లేస్తాయి, పెట్టకపోతే సరుకు పన్ను లేకుండా దాటిపోతుంది, అందుకని ఏదో ఒప్పందం కుదిరేదాకా అందరూ ఒకే కస్టమ్స్ కింద ఉందామంటే, ఇక్కడి ఎంపీలు ఒప్పుకోరు. దాన్ని బ్యాక్‌స్టాప్ అంటున్నారు అని చెప్తే, కాసేపు ఆలోచించి "అంటే హైదరాబాద్ పదేళ్ళు ఉమ్మడి రాజధాని అన్నారే, అలాంటిదా?" అన్నారు. ఇక్కడి ఎంపీలకంటే ఆయనే త్వరగా పట్టుకున్నారనిపించింది.

2019 జనవరి 15 రాత్రి పార్లమెంటులో ఓటింగు. బయటికి రావడానికి అప్పటి ప్రధాని థెరిసా మే యూనియన్‌తో కుదుర్చుకున్న ఒప్పందానికి 202, వ్యతిరేకంగా 432. మా పాపకి స్పీకర్ బెర్కో అంటే ఇష్టం, సోఫా ఎక్కి "ఆర్డర్‌ర్‌ర్" అని అరిచేది. మార్చి 12న మళ్ళీ ఓడింది. మార్చి 29, అసలు బయటికి రావాల్సిన రోజున, మూడోసారి ఓడింది. ఒప్పందం లేకుండా బయటపడితే సరుకులు రావని జనం డబ్బాలు కొని పెట్టుకున్నారు. మందుల కంపెనీలని ఆరు వారాలకి అదనంగా నిల్వ చేయమన్నారని డాక్టరక్క చెప్పింది. చోచా బీట్‌రూట్ సీసాలూ, పాస్తా గారేజీ నిండా పెట్టింది. మా గ్రూపులో మాత్రం భయం లేదు, బియ్యం, పప్పు యూరప్ నుంచి రావు, ఆవకాయ ఏడాదికి సరిపడా ఉంది. టొమాటోలు స్పెయిన్ నుంచి రాకపోతే చింతపండు పోసుకుంటాం అని గుంటూరు బాబాయ్ అన్నాడు. ఆయన మొహంలో నవ్వు లేదు. వంటవాళ్ళ వీసాలు ఏమీ మారలేదు, పైగా డెలివరీ చేసే రొమేనియా కుర్రాడు ఊరెళ్ళి తిరిగి రాలేదు. ఇప్పుడు బాబాయే కారేసుకుని తిరుగుతున్నాడు.

గడువు ఏప్రిల్ 12కి, తర్వాత అక్టోబర్ 31కి జరిగింది. ఇక ఇక్కడి నుంచి చెప్పేదే నేను అసలు రాయాలనుకున్నది.

యూరప్ వాళ్ళు ఇక్కడే ఉండిపోవాలంటే "సెటిల్డ్ స్టేటస్" అని ఒక దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. మొదట 65 పౌండ్లు అన్నారు, తర్వాత ఉచితం చేశారు. ఫోన్లో ఒక యాప్ ఉండేది, అందులో పాస్‌పోర్టు స్కాన్ చేయాలి, కానీ అప్పట్లో అది ఆండ్రాయిడ్‌లో తప్ప ఐఫోన్‌లో పనిచేసేది కాదు. చోచా ఇంట్లో అందరివీ ఐఫోన్లే. సెప్టెంబర్ 28, శనివారం మధ్యాహ్నం, కొత్త ప్రధాని బోరిస్ జాన్సన్ పార్లమెంటుని కొన్నాళ్ళు మూసేయడం చెల్లదని ఇక్కడి సుప్రీంకోర్టు చెప్పిన వారంలోనే, తలుపు కొట్టి "నీ ఫోన్ ఒక గంట ఇస్తావా?" అంది. ఫోను తీసుకుని నేనే వెళ్ళాను.

అప్పట్లో అది ఎలా ఉండేదో వివరంగా చెప్తున్నాను. ముందు పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీని కెమెరాతో తీయాలి, లైటు మెరుపు పడకూడదు. తర్వాత పాస్‌పోర్టులో ఉన్న చిప్‌ని చదవాలి, దానికి పాస్‌పోర్టు మీద ఫోను పెట్టి కదలకుండా ఉంచాలి. ఆరుసార్లు రాలేదు. ఫోను కవరు తీసేశాక వచ్చింది. తర్వాత మొహం స్కాన్, తెర మీద రంగురంగుల లైట్లు మారుతుంటాయి, చోచా మొహం ఎరుపు, నీలం, పచ్చ అవుతోంది, నేను ఎదురుగా ఫోను పట్టుకుని నిలబడ్డాను. ఆ రంగుల మధ్యలో ఉన్నట్టుండి "పద్నాలుగేళ్ళున్నాను. ఇప్పుడు ఉండొచ్చా అని అడుగుతున్నాను. నీకు తెలుసులే ఇది, నువ్వూ పడ్డావుగా" అంది.

తెలుసు. బాగా తెలుసు. "నేను బయటికి రావాలనే వేశాను" అని నోట్లోంచి వచ్చేసింది.

స్కాన్ విఫలమైందని తెర మీద వచ్చింది, తల కదిలిందట. చోచా కాసేపు నా వంకే చూసి, "ఇప్పుడెందుకు చెప్తున్నావు? నా పని అయ్యేదాకా ఆగలేకపోయావా?" అంది. తర్వాత కుర్చీలో సర్దుకుని "మళ్ళీ తీయి" అంది. మళ్ళీ తీశాను. ఈసారి ఒక్క రెప్ప వేయలేదు.

యాప్ పని అయ్యాక మిగతాది వెబ్‌సైట్లో. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఇస్తే పన్నుల లెక్కలు వాళ్ళే చూసుకుంటారు, కానీ గత ఏడేళ్ళవే చూస్తారు. చోచా బాబు పుట్టాక మూడేళ్ళు ఇంట్లో ఉంది, ఆ ఏళ్ళు లెక్కలో కనిపించలేదు, ఐదేళ్ళు వరసగా లేవు కాబట్టి "ప్రీ సెటిల్డ్" ఇస్తామంది కంప్యూటర్. అప్పట్లో అది ఐదేళ్ళకే, మళ్ళీ పెట్టుకోవాల్సి వచ్చేది. ఇక్కడే చాలామంది సరే అని నొక్కేస్తారు. నొక్కకూడదు. "ఒప్పుకోను, కాయితాలు చూపిస్తాను" అనే దారి ఉంది, పది దాకా అప్‌లోడ్ చేయొచ్చు. కౌన్సిల్ టాక్స్ బిల్లులు, డాక్టరు ఉత్తరం, బాబు నర్సరీ ఉత్తరం, అన్నీ వెతికి రాత్రి తొమ్మిది దాటాక పంపించాం. ఆ నాలుగు గంటలూ "ఆ ఫైలు ఇవ్వు", "దీని తేదీ ఎంత" తప్ప వేరే మాట లేదు. నాకు వీసా కాయితాలు పెట్టడంలో ఐదేళ్ళ చాకిరీ ఉంది కదా, ఏది ముందు పెట్టాలో, ఏ నెల ఖాళీ ఉంటే పట్టుకుంటారో చేతికి తెలుసు. ఆ విద్య ఇలా పనికొస్తుందనుకోలేదు.

పందొమ్మిది రోజులు. సోమవారం పాపని స్కూలు తర్వాత మామూలుగానే తీసుకొచ్చింది, మామూలుగానే అన్నం పెట్టింది, నాతో మాత్రం వాతావరణం గురించి మాట్లాడింది. అక్టోబర్ 17న, బోరిస్ జాన్సన్ బ్రస్సెల్స్‌లో కొత్త ఒప్పందం కుదిరిందని చెప్పిన రోజునే, ఆవిడకి మెయిల్ వచ్చింది. సెటిల్డ్. కార్డు ఇవ్వరు, ఆ మెయిల్ రుజువుగా పనికిరాదని దాని మీదే రాసి ఉంటుంది, వెబ్‌సైట్లో చూపించుకోవాలంతే. అయినా ప్రింటు తీయించి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. నాకు కార్డుంది, నా ఫొటోతో. "అది ఒకసారి చూపించు" అంటే ఇచ్చాను, అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేసింది.

అదే నెలలో ఐఫోన్‌లోనూ ఆ యాప్ వచ్చేసింది. మూడు వారాలు ఆగి ఉంటే చోచాకి నా ఫోనుతో పని ఉండేది కాదు.

డిసెంబర్ 12 ఎన్నికల్లో నాకు మళ్ళీ ఓటుంది, ఆవిడకి మళ్ళీ లేదు. దేనికి వేశానో ఇంట్లో కూడా చెప్పలేదు. జాన్సన్‌కి 365 సీట్లొచ్చాయి, ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు.

నాకు ఏం ఒరిగింది అని మా ఆయన అడుగుతాడు. చదువయ్యాక రెండేళ్ళు ఉండే వీసా మళ్ళీ ఇస్తామని 2019 సెప్టెంబర్లో ప్రకటించారు, 2020లో చేరేవాళ్ళ నుంచి. అది చూపించాను. "యూనియన్‌లో ఉండగానే 2012 దాకా అది ఉంది కదే, తీసేసింది వీళ్ళే, ఇచ్చిందీ వీళ్ళే, బ్రస్సెల్స్ ఎక్కడ అడ్డొచ్చింది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆరోగ్యం పేరుతో వీసాకి వసూలు చేసే సర్‌ఛార్జీ 2019 జనవరిలో ఏడాదికి రెండొందల నుంచి నాలుగొందల పౌండ్లయింది, అది మా కజిన్ కట్టాడు. అందరికీ ఒకే రూలు అంటే మనది వాళ్ళకి పెట్టడం అని నాకు తట్టలేదు, మనకి తీసేస్తారనుకున్నాను.

శుక్రవారం రాత్రి టీవీలో డౌనింగ్ స్ట్రీట్ గోడ మీద గడియారం బొమ్మ వేశారు. బిగ్ బెన్ రిపేరులో ఉంది, గంట కొట్టలేదు. చోచా వాళ్ళింట్లో పదింటికే లైట్లు ఆపేశారు, రోజూ అంతేలెండి. నాన్న అక్కడ తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి కూర్చున్నారు. "వచ్చారా?" "వచ్చారు నాన్నా." "ఇప్పుడేం మారుతుంది?" "డిసెంబర్ దాకా ఏమీ మారదట." "మరి దీనికి నన్ను లేపావా" అన్నారు. నేను లేపలేదు.

మా గ్రూపులో నెల్లూరాయన ఒకరున్నారు, ఆమ్‌స్టర్‌డామ్‌లో పదేళ్ళుండి డచ్ పాస్‌పోర్టు తీసుకుని 2017లో ఇక్కడికొచ్చారు. భారత పాస్‌పోర్టు ఉంచుకుని ఉంటే మొన్న డిసెంబర్లో ఓటుండేది, ఇప్పుడు లేదు, పైగా ఆయన కుటుంబమంతా సెటిల్మెంట్ దరఖాస్తు పెట్టుకోవాలి. గడువు 2021 జూన్ 30 దాకా ఉంది కానీ ఇప్పుడే చేసేసుకుంటామంటున్నారు. వాళ్ళకి ఐదేళ్ళు కాలేదు కాబట్టి ప్రీ సెటిల్డే వస్తుంది. నిన్న ఫోన్ చేసి, "మీ పక్కింటావిడకి మీరే చేసిపెట్టారట కదమ్మా, మాకూ ఒకసారి చూడరాదూ" అన్నారు. ఆయనకి నా సంగతి ఎవరు చెప్పారని అడిగితే, చోచా అట. వాళ్ళ బాబు కూడా స్కూలయ్యాక ఆవిడ దగ్గరే ఉంటాడు. శనివారం పదకొండింటికి వెళ్తున్నాను. ఫోను కవర్లు తీసి ఉంచమని చెప్పాను.